పుష్పలత సైకిలు

ఈ అరబ్బు దేశంలో, మేముండే జహ్రాలో సైకిలు తొక్కే మగవాళ్లని ఎవరూ చూడరు. బకాలా అనే కిరాణా కొట్ల నుంచి ఇళ్లకి సరుకులు చేరవేసే బంగ్లాదేశ్ వాళ్లు, తోటమాలులు, రోడ్లు ఊడ్చేవాళ్లు, అందరూ సైకిళ్ల మీదే తిరుగుతారు. జనం వాళ్లని కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూస్తారు. అంటే చూడరు. అదే సైకిలు మీద ఒక ఆడమనిషి, అందులోనూ తలకి గుడ్డ చుట్టుకున్న ఇండియా పనిమనిషి కనిపించిందా, ఇక చూడాలి ఆ సంబరం. కార్లు నెమ్మదిస్తాయి. అద్దాలు దిగుతాయి. ఫోన్లు పైకి లేస్తాయి. వెనక సీట్లో పిల్లలు మోకాళ్ల మీద లేచి, అద్దానికి ముక్కులు అదిమిపెట్టి, నేను కనుమరుగయ్యేదాకా చూస్తారు. ఒకసారి ఒకాయన నా పక్కనే కారు నడుపుతూ వీధి చివరిదాకా వీడియో తీశాడు. ఏనుగు సైకిలు తొక్కినా అంత శ్రద్ధగా తీసి ఉండడు.

నేను పుట్టింది రాజోలు దగ్గర. హైస్కూలంతా సైకిలు మీదే చదివాను. మా వైపు ఆడపిల్ల సైకిలెక్కితే కుక్క కూడా తల తిప్పదు. ఇక్కడ రెండేళ్లపాటు ప్రతి సాయంత్రం అందరూ నన్ను చూశారు. ఆ మాట గుర్తుంచుకోండి. అందరూ చూశారు.

ఆ సైకిలు నాది కాదు, మామా పెద్దకూతురిది. మామా అంటే మా యజమానురాలు. ఇక్కడ పనిచేసేవాళ్లంతా ఇంటావిడని అలాగే పిలవాలి, ఆవిడ మనకంటే చిన్నదైనా సరే. ఊదారంగు సైకిలు. ముందు బుట్ట, వెనక క్యారియరు. ఆ పిల్ల పెద్దమనిషి కాగానే ఇక ఎక్కొద్దన్నారట. మంచి సైకిలు మూలపడుతుందని పనిమనిషికిచ్చారు, సందెవేళ వెళ్లి రొట్టెలు తెమ్మని. కూతురెక్కితే పరువు పోతుంది, పనిమనిషెక్కితే పోదు. పనిమనిషి ఆడదాని లెక్కలోకి రాదు కాబోలు.

దాని స్టాండు మొండిది. మామూలుగా తంతే లేవదు. మడమతో వెనక్కి నొక్కి ఒక్క తోపు తోస్తే 'టంగ్' మని లేస్తుంది. ఆ కిటుకు నాకెవరూ నేర్పలేదు. నాకంటే ముందు పనిచేసిన ఆమెకి తెలిసి ఉండాలి.

ఆమె పేరు పుష్పలత. రాయచోటి వైపు మనిషి. నేనొచ్చే నాటికే లేదు. పారిపోయిందని మామా చెప్పింది. మనిషి పోయినా పేరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నేను 'సత్యదుర్గ' అని నా పేరు చెప్తే మామా ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, పుల్లటిదేదో నమిలినట్టు మొహం పెట్టి, "పిల్లలకి బుష్బా అలవాటు. నువ్వూ బుష్బావే" అంది. అరబ్బీలో 'ప' పలకదు. అందుకని పుష్ప కాస్తా బుష్బా అయింది. పాత మిక్సీ పాడైతే కొత్తది తెచ్చుకుంటాం, దాన్నీ మిక్సీ అనే అంటాం కదా. అలాగన్నమాట.

మొదట్లో పలికేదాన్ని కాదు. పొగరుతో కాదు, నన్ననుకోక. నాకు చెవుడేమోనని మామా ఏజెంటుకి ఫోన్ చేసింది. దాంతో పలకడం మొదలుపెట్టాను. మా కోనసీమ వాళ్ల నోటికి 'ఆయ్' అన్న మాట అలవాటు. "బుష్బా!" అని కేక వినపడ్డమూ, "ఆయ్ మామా!" అని నేను పరుగెత్తడమూ. నిద్రలో పిలిచినా పలికేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ అచ్చాయమ్మ చెప్పేది, సందెవేళ ఎవరైనా పిలిస్తే వెంటనే పలక్కు, మూడో పిలుపుదాకా ఆగు, మనిషైతే మళ్లీ పిలుస్తారు అని. "మూడో పిలుపుదాకా ఆగితే ఇక్కడ ఉద్యోగం ఉండదే అమ్మా" అని ఫోన్లో నవ్వేదాన్ని.

ఇంటి డ్రైవరు రామాంజులుది కడప జిల్లా. పుష్పలత కంటే ముందు నుంచీ ఇదే ఇంట్లో ఉన్నాడు. ఆమె గురించి అడిగితే చాలు, కారు తుడవడం మొదలుపెట్టేవాడు, అప్పుడే తుడిచిన కారైనా సరే. ఒకరోజు వదలకుండా అడిగాను.

"దుమ్ము లేసిన దినం రొట్టెలకు పాయెనమ్మా" అన్నాడు, గుడ్డ పిండుతూ. "సైకిలు రెండు వీధులవతల దొరికింది. బుట్టలో రొట్టెలు అట్లే ఉండాయి. నేనే తెచ్చి ఈడ పెడితి."

"మరి మనిషండీ?"

"పారిపోయిందని కేసు పెట్టిరి గదా."

"పారిపోయే మనిషి క్యూలో నిలబడి రొట్టెలు కొని, వాటిని బుట్టలో వదిలేసి పారిపోతుందాండీ?"

"నన్నడిగితే నేనేం జెప్పేది?" అని మళ్లీ కారు మీద పడ్డాడు.

అంటే, సైకిలుని వెతికి తెచ్చుకున్నారు. మనిషిని వెతకలేదు.

*

నేను ఇంటికి వెళ్లిపోవాల్సిన రోజు అది. రాత్రికి విమానం. ఎల్లుండి పొద్దున్న మా వేణిని సైకిలు మీద బడికి దింపుతానని మాటిచ్చాను. వేణి నా కూతురు. నేను వచ్చేటప్పుడు క్యారియరు మీద కూర్చుంటే కాళ్లు కిందికి అందేవి కావు. "ఇప్పుడు అందుతున్నాయమ్మా, నువ్వు తొక్కలేవేమో" అని ఫోన్లో బెదిరిస్తోంది.

నా బదులు వచ్చిన మనిషి ఆ ఉదయమే దిగింది. రెడ్డెమ్మ. ఆమెదీ రాయచోటి దగ్గరే. బ్యాగు ఇంకా చేతిలోనే ఉంది, మామా గుమ్మంలోకొచ్చి కేకేసింది. "బుష్బా!"

నేను "ఆయ్" అనబోయాను. మామా చూపు నా మీద లేదు. రెడ్డెమ్మ మీద ఉంది.

"నన్నేనా అక్కా?" అంది రెడ్డెమ్మ నా చెవిలో. "నా పేరు రెడ్డెమ్మ గదా. చెప్పలేదా ఈయమ్మకు?"

"చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. పలుకు."

ఆ పేరు పోయినందుకు నాకు హాయిగా ఉండాలి. ఎందుకో లేదు. ఆ క్షణం నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో నన్నెవరూ ఏ పేరుతోనూ పిలవలేదు.

బ్యాగు సర్దుకుని గేటు దగ్గర పెట్టాను. పాస్‌పోర్టు మామా దగ్గరే ఉంది, బయల్దేరేటప్పుడు ఇస్తానంది. ఇంతలో సందె పడింది.

"ఖుబ్బూస్" అంది మామా. రొట్టెలన్నమాట.

రెడ్డెమ్మ నావైపు చూసింది. "నాకు సైకిలు రాదు."

"నేనే తెస్తాలే. చివరిసారి."

గేటు దగ్గర రామాంజులు పడమటి వైపు తలెత్తి నిలబడి ఉన్నాడు. అటు ఆకాశం పాత రాగిచెంబు రంగులో ఉంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

"ఆకాశం బాగలేదమ్మా. పోవాకు."

"రొట్టెలు లేకుండా పాస్‌పోర్టిస్తుందాండీ ఆవిడ? ఇంతలో వచ్చేస్తాను."

"బిన్నె వచ్చేయ్. నీ కోసరం విమానం నిలబడదు."

మడమతో నొక్కాను. టంగ్.

*

వెళ్లేటప్పుడు అంతా మామూలే. కార్లు నెమ్మదించాయి. ఎవరో హారన్ కొట్టి నవ్వారు. ఒక తెల్ల కారు నన్ను దాటి వెళ్తుంటే వెనకద్దంలోంచి చిన్నపిల్ల ఒకతె నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ పిల్ల కళ్లు నా భుజం పక్కగా వెనక్కి జరిగాయి. అక్కడెవరికో ఇంకోసారి ఊపింది.

తిరిగి చూశాను. ఖాళీ క్యారియరు. రబ్బరు పట్టీ వేలాడుతోంది.

రొట్టెల కొట్టులో తందూరు ముందు నిలబడే ముసలాయన నన్ను చూడగానే రోజూ వేసే జోకే వేశాడు. "ఆ గయీ సైకిల్‌వాలీ!" రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. వేడివేడి పిండి వాసన. ఆ వాసన కూడా ఇదే చివరిసారి అనుకున్నాను. ఆయనకి 'ఊరెళ్లిపోతున్నాను' అని చెబుదామనుకుని చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్కరికైనా తెలిసేది.

బయటికొచ్చేసరికి పడమటి వైపు ఆకాశం లేదు.

దాని చోట ఒక గోడ ఉంది. నేల నుంచి పైదాకా గోధుమరంగు గోడ. చప్పుడు లేకుండా వస్తోంది. దాని ముందు పావురాలు కట్టకట్టుకుని ఎగిరిపోయాయి. కొట్ల షట్టర్లు గరగరమంటూ దిగిపోయాయి. నేను తొక్కడం మొదలుపెట్టాను. మొదటి మలుపు తిరిగేలోపే అది మీద పడింది.

పగిలిన కుండ వాసన. పళ్ల మధ్య ఇసుక. కళ్లు తెరిస్తే మంట, మూస్తే చీకటి. ముందు అంతా నారింజరంగు, తర్వాత ఎరుపు, తర్వాత ఏ రంగో చెప్పలేను. వీధిదీపాలు వెలిగాయి గానీ గుడ్డు సొన పూసినట్టు పైనెక్కడో మసగ్గా ఉన్నాయి, కిందికి వెలుతురు రావడం లేదు. కార్లు ఆగిపోయాయి. మనుషులు లోపలికి పోయారు. తలుపులు పడ్డాయి.

వీధిలో నేనొక్కదాన్నే.

చెప్తే నవ్వుతారు, ముందు సంతోషమేసింది. రెండేళ్లలో మొదటిసారి ఎవరూ నన్ను చూడ్డం లేదు. ఫోన్లు లేవు, హారన్లు లేవు, అద్దాలకి ముక్కులు లేవు. తలగుడ్డ జారిపోయినా సర్దుకోలేదు. ఇదేదో ముందే వచ్చి ఉంటే బాగుండేది అనుకున్నాను.

కాసేపటికి ఒక్క కారన్నా వస్తే బాగుండుననిపించింది. ఎవరన్నా అద్దం దించి నవ్వినా ఫరవాలేదనిపించింది.

కుడివైపు గోడ. ఎత్తుగా, ఇసుకరంగులో, గేటు లేకుండా. ఆ పేటలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి గానీ ప్రతి గోడకీ ఎక్కడో ఒక గేటుండాలి. దీనికి రావడం లేదు. గోడ వెంబడే వెళ్తుంటే ఒక కూలరు కనపడింది. దారిన పోయేవాళ్ల కోసం ఇళ్ల ముందు చల్లటి నీళ్లు పెడతారిక్కడ. స్టీలు కూలరు, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. గాలికి గ్లాసు ఊగి గోడకి కొట్టుకుంటోంది. టక్... టక్...

ఎడమకి తిరిగాను. మా వీధి అటే.

గోడ. కూలరు. గ్లాసు. టక్... టక్...

దారి తప్పాననుకుని మళ్లీ ఎడమకి తిరిగాను. గోడ. కూలరు.

అప్పుడు పిలిచారు.

"పుష్పా..."

"ఆయ్ మామా!"

నోరు దానంతటదే పలికేసింది. నేను పలకలేదు, నా రెండేళ్ల ఉద్యోగం పలికింది. మాట నోట్లో ఇంకా వెచ్చగా ఉండగానే తెలిసింది. మామా ఇంట్లో ఉంది. ఇక్కడ లేదు. పైగా ఆ గొంతు 'బుష్బా' అనలేదు. చక్కగా, నిండుగా 'పుష్పా' అంది.

ఒక్క పిలుపే. మళ్లీ పిలవలేదు.

సైకిలు వెనక్కి కుంగింది.

క్యారియరు కిర్రుమంది. ముందు చక్రం ఒక్క క్షణం తేలి మళ్లీ నేలనంటింది. పెడల్ బరువెక్కింది. ఆ బరువు నాకు తెలుసు. మనిషి ఒకవైపుగా కూర్చుంటే, ఆ వైపుకి హ్యాండిలు లాగుతుంది. నేను వేణిని ఎన్నిసార్లు ఎక్కించుకోలేదు...

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను.

వాసన వచ్చింది. బూజు పట్టిన రొట్టె వాసన.

"పలికితివే..." గొంతు నా వీపుకి ఆనుకుని ఉంది. గుసగుస. గాలి అంత హోరులోనూ ప్రతి మాటా వినపడింది. "ఒక్క పిలుపుకే పలికితివే మే."

"ఎవరు?"

"ఎవురని పలికినావు మరి?"

"మామా అనుకున్నాను..."

"రెండేండ్లుగా పలుకుతానే ఉండావు. ఎవురి పేరిది, యాడికి పాయె ఆ మనిషి అని ఒగసారన్నా అనుకుంటివా?"

అనుకున్నానని చెప్పాలనిపించింది. రామాంజుల్ని అడిగానని చెప్పాలనిపించింది. ఒకసారి అడిగాను. ఆయన కారు తుడిచాడు. నేను వెళ్లి అన్నం వండాను. అంతే.

"నన్ను పోనివ్వు" అన్నాను. "నాకు విమానం ఉంది. నా కూతురు..."

"నాకూ ఉండారు పిల్లోల్లు."

గోడ. కూలరు. టక్... టక్...

తొక్కాను. ఇంకా తొక్కాను. తొడలు మండిపోతున్నాయి. కుడికి తిరిగాను. గోడ. నేరుగా వెళ్లాను. గోడ. అరిచాను. అరబ్బీలో, హిందీలో, తెలుగులో అరిచాను. గోడ వెనక ఎక్కడో టీవీ మోగుతోంది. గిన్నెల చప్పుడు. ఎవరో పిల్లవాడు నవ్వుతున్నాడు. ఇన్ని ఇళ్లు... రోజూ చూసే ఇన్ని కళ్లు...

"నేనూ అరిచినా" అంది ఆమె, ఓదార్పుగా. "ఇనపడతాది వాళ్లకు. రారు."

మళ్లీ కూలరు. ఈసారి నా చూపు ఆ స్టీలు రేకు మీద పడింది.

అందులో సైకిలు కనపడింది. ఊదారంగు మసకగా. సైకిలు మీద ఇద్దరు. తొక్కుతున్న మనిషి తల వంచుకుని ఉంది, మొహం కనపడలేదు. నా చున్నీ తలకి చుట్టుకుని ఉంది. వెనక క్యారియరు మీద ఒకవైపుగా, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నది...

నేను.

"అలిసిపోతివి" అంది ఆమె. గొంతు ఇప్పుడు నా వెనకనుంచి రాలేదు. ముందునుంచి వచ్చింది. "ఇంగ నేను తొక్కుతాలే."

*

దుమ్ము పలచబడేసరికి మా గేటు ముందు నిలబడి ఉన్నాను. చీకటి పడిపోయింది. సైకిలు ఎప్పటిలాగే గోడ పక్కన స్టాండు వేసి ఉంది. నా చేతుల్లో రొట్టెల పొట్లం. పెంకుల్లా గట్టిపడిపోయాయి. నా బ్యాగు గేటు దగ్గర లేదు.

బెల్లు కొడితే రెడ్డెమ్మ తలుపు తీసి నోరు తెరిచేసింది. "అక్కా! నువ్వు పోలేదా?"

"దారి తప్పాను. రామాంజులు గారేరి? విమానం..."

"నిన్ను దింపను పాయె గదక్కా! ఈయమ్మ పాస్‌పోర్టిస్తే తీసుకుంటివి, నీకు చెయ్యి గూడా ఊపితినే!"

ఆ మాట అంటుండగానే కారు వచ్చింది. రామాంజులు దిగాడు. నన్ను చూశాడు. తాళాలు చేతిలోంచి జారిపోయాయి. వంగి తీసుకోలేదు.

"నిన్ను ఇప్పుడే గదా... ఎయిర్‌పోర్టు కాడ..." కారు వైపు చూపించాడు. "ఎనక సీట్లో కూచుంటివి. దావలో ఒక్క మాట మాట్లాడలా. దుమ్ముకు మొగానికి చున్నీ సుట్టుకున్యావు. దిగేటప్పుడు..."

"దిగేటప్పుడు?"

"'పోయొస్తా రామాంజులన్నా' అంటివి."

నేనెప్పుడూ ఆయన్ని రామాంజులు గారనే పిలిచాను. మా వైపు అంతే. ఆ ఇంట్లో ఆయన్ని అన్నా అని పిలిచిన మనిషి ఒక్కతే ఉండేదట. అది చెప్పి ఆయన గోడకానుకుని కూర్చుండిపోయాడు.

పరుగెత్తుకుంటూ మామా దగ్గరికి వెళ్లాను. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను, వెళ్లింది నేను కాదు, నేను ఇక్కడే ఉన్నాను, విమానాన్ని ఆపమని చెప్పండి అని. మామా పొట్లం విప్పి రొట్టె గిల్లి చూసింది. "ఎంత ఆలస్యం, రాయి అయిపోయింది" అంది. నా మొహం వైపు చూడలేదు. ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు చూస్తుంది? ఒకతె వెళ్లాలి, వెళ్లింది. ఒకతె రావాలి, వచ్చింది. ఖలాస్. ఆ లెక్కలో ఎక్కడా నేను మిగల్లేదు.

ఎంబసీకి వెళ్లమంది రెడ్డెమ్మ. వెళ్తే మొదట అడిగేది పేరు. సత్యదుర్గ దేశం దాటిపోయింది. పుష్పలత పారిపోయిందని కేసుంది. ఏ పేరు చెప్పను?

నాలుగో రోజు రెడ్డెమ్మ ఫోన్‌తో ఇంటికి చేశాను. మా ఆయన దుర్గారావు ఎత్తాడు.

"ఏవండీ, నేనండి. సత్యదుర్గని."

"ఏ సత్యదుర్గండీ? మా ఆవిడ ఇక్కడే ఉంది. రాంగ్ నంబరు."

వెనక నుంచి ఎవరో "ఎవురంట?" అన్నారు. ఇంతలో ఫోన్ వేణి లాక్కుంది. నా కూతురికి ఎవరితోనైనా మాట్లాడ్డం సరదా.

"అమ్మతో పనా ఆంటీ? అమ్మ వంటింట్లో ఉంది."

"ఏం చేస్తోందమ్మా?"

"రాగిసంగటి. మాకు అలవాటు లేదు కానీ బాగుందండి. అరబ్బు దేశం వెళ్లి నేర్చుకొచ్చిందని నాన్న అందరికీ చెప్తున్నారు."

మా ఆయనకి తేడా తెలిసిందా అని అడగబోయి ఊరుకున్నాను. ఎడారి దేశంలో రాగిసంగటి నేర్పిస్తారనుకునే మనిషిని ఏమడుగుతాం? ఇన్నేళ్లూ ఆయనకి వేళకి కంచంలో అన్నం పడిందా లేదా అన్నదే తేడా. ఆయనకీ మామాకీ ఆ ఒక్క విషయంలో భలే కుదురుతుంది.

"బడికి సైకిలు మీద దింపిందా?"

"ఆయ్, దింపింది. కానీ దారంతా వెనక్కి తిరిగి నన్నే చూస్తుంది. నేనున్నానా లేదా అని కాబోలు." కాస్త ఆగి అంది. "ఆంటీ, మీ గొంతు మా అమ్మ గొంతులా ఉందేంటండీ?"

పెట్టేశాను. పెట్టేయక ఏం చెయ్యను? ఆ ఇంట్లో ఇప్పుడు దాని పక్కన ఉన్నది ఆమె. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. మామా మా ఇద్దరికీ చేసిన పనే ఆమె నాకు చేసింది. కాకపోతే ఆమె తన పిల్లల కోసం అల్లాడి చేసింది.

*

ఇప్పటికీ సందెవేళ రొట్టెలకి వెళ్లేది నేనే. అదే సైకిలు. గేటు తెరిచే ఉంటుంది. నన్నెవరూ ఆపరు. ఎంత దూరం తొక్కినా చివరికి ఆ గోడా ఆ కూలరూ వస్తాయి, అక్కడి నుంచి ఇల్లు.

ఏ కారూ నెమ్మదించడం లేదు. అద్దాలు దిగడం లేదు. పిల్లలు చెయ్యి ఊపడం లేదు. మొన్న ఒక జీపు నా మోచేతిని రాసుకుంటూ పోయింది, ఆగలేదు. రొట్టెల కొట్టు ముసలాయన తందూరు వైపే చూస్తుంటాడు. 'సైకిల్‌వాలీ' అనడు. నేనే చెయ్యి చాపి పొట్లం తీసుకుంటాను. రామాంజులు నేనున్నవైపు తల తిప్పడు. నాతో మాట్లాడేది రెడ్డెమ్మ ఒక్కతే.

బయటపడే దారి నాకు తెలియక కాదు. పుష్పలత ఎలా బయటపడిందో నాకు తెలుసు. దుమ్ము లేచిన రోజు ఆ గోడ దగ్గర నిలబడి ఒక్కసారి "పుష్పా" అని పిలిస్తే చాలు. ఇంట్లో ఆ పేరుకి పలకడం అలవాటైన మనిషి ఒకరుండాలి. ఒకరున్నారు.

అందుకే మొదటి రోజే రెడ్డెమ్మని కూర్చోబెట్టి చెప్పాను. "నీ పేరు కాని పేరుకి పలక్కు. ఎవరు పిలిచినా, ఎంత అరిచినా."

"పనిలోంచి తీసేస్తే?"

"తీసేస్తే ఇంటికెళ్తావు. నీ పేరుతో వెళ్తావు."

రెడ్డెమ్మ నాకంటే గట్టిది. మామా "బుష్బా" అంటే కదలదు. "రెడ్డెమ్మ, మామా" అంటుంది, పళ్లెం కింద పెట్టి మరీ. మామా కేకలేసింది. ఏజెంటు చేత తిట్టించింది. ఫోను లాక్కుంది. "రెడ్డెమ్మ, మామా." మామా ఈమధ్య అలిసిపోయి "రెద్దమ్మా" అంటోంది. నాకు నవ్వొచ్చింది. ఆమె గెలిచిన ప్రతిసారీ నా గేటు ఇంకాస్త మూసుకుంటుందని నాకు తెలుసు. తెలిసే నేర్పాను. ఈ గొలుసు నా దగ్గరే ఆగాలి.

నిన్న మళ్లీ దుమ్ము లేచింది. ఆ రోజుకి రొట్టెలు వద్దని రెడ్డెమ్మతో అంది మామా. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. రెడ్డెమ్మ దండెం మీద బట్టలు తీసుకురావడానికి పెరట్లోకి వెళ్లింది. బట్టలు గుండెలకి హత్తుకుని, జుట్టంతా ఇసుకతో, నవ్వుకుంటూ లోపలికొచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వు ఈడనే ఉండావా?"

"ఎక్కడుంటాను?"

"గోడవతల నుంచి పిలిచినావు గదక్కా, ఇప్పుడే."

బియ్యంలో నా చెయ్యి ఆగిపోయింది. "ఏమని పిలిచాను?"

"రెడ్డెమ్మా అని. నా పేరే. నీ గొంతే." ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోతోంది. "నా పేరుకే గదా అని... పలికినా."

నేను పిలవలేదు. మూడో పిలుపుదాకా ఆగమని ఆమెకి చెప్పనూ లేదు. కిటికీ అవతల అంతా నారింజరంగు. గాలి కూడా ఆగిపోయింది.

గోడ పక్కన, స్టాండు లేచిన చప్పుడు. టంగ్.